ఈ ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?



నేను గుంటూరులో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పర్చూరు వైపు పల్లె. వాన పడితే చెప్పులకు అంటుకుని వదలని నల్లరేగడి నేల. నా చిన్నప్పుడు మాది ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారినా పంటలు మారలేదు. పత్తి, మిరప, శనగ, పొగాకు. మా ఊళ్లో పెళ్లి ముహూర్తాలైనా, పిల్లల కాలేజీ ఫీజులైనా, అప్పుల వాయిదాలైనా వీటి చుట్టూనే తిరుగుతాయి. ఈ పూట నా చదువు గురించి, ఆ చదువుతో నేను ఏం చేయాలనుకుంటున్నానో దాని గురించి మీతో మాట్లాడతాను.

మా కోర్సులో సస్టెయినబిలిటీ అని ఒక పేపరు ఉంది. మొదటి పాఠంలోనే 1987 అనే సంవత్సరం వస్తుంది. నార్వేకు చెందిన గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షురాలిగా ఐక్యరాజ్యసమితి వేసిన కమిషన్ ఆ ఏడు నివేదిక ఇచ్చింది. రాబోయే తరాల అవసరాలకు గండి పడకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని అందులో చెప్పారు. మాకది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

అదే 1987ను గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్దవాళ్లు ఇంకో రకంగా గుర్తు పెట్టుకున్నారు. ఆ ఏడు పత్తి మీద తెల్లదోమ పడింది. అప్పటికి కొన్నేళ్లుగా పత్తి తప్ప వేరే పంట వేయని చేలు ఎన్నో ఉన్నాయి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త రకం మందులు వచ్చాయి. మొదట్లో అవి కొడితే కాయతొలిచే పురుగు రాలిపోయింది. రైతు సంతోషించాడు, ఇంకా కొట్టాడు. ఆ మందుకు పురుగుతో పాటు దాన్ని తినే మిత్ర పురుగులు కూడా చచ్చిపోయాయి. ఆకు అడుగున దాగి రసం పీల్చే తెల్లదోమకు అడ్డు లేకుండా పోయింది. అది వదిలిన జిగురు మీద మసి పట్టి ఆకులు, దూది నల్లబడ్డాయి. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. మందూ అప్పే, విత్తనమూ అప్పే. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అది అప్పట్లో రాష్ట్రాన్ని కదిలించిన వార్త.

ఒకే సంవత్సరం. ఒక చోట నిర్వచనం రాశారు, ఇంకో చోట ఆ నిర్వచనం ఎందుకు కావలసివచ్చిందో చేలల్లో కనిపించింది. మా పాఠ్యపుస్తకంలో మొదటిది ఉంది, రెండోది లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుకోవాలన్న పట్టుదల నాకు అక్కడే మొదలైంది.

మేనేజ్‌మెంట్ విద్యార్థులకు ముందుగా నేర్పేది పద్దులు. ఆ ఏడు లెక్కను పద్దుల్లో రాసి చూడండి. మందు తయారుచేసిన కంపెనీకి అది అమ్మకం. అమ్మిన కొట్టుకు కమీషన్. అప్పిచ్చినవాడికి వడ్డీ. మిత్ర పురుగులు పోవడం, నేల బలం తగ్గడం, మందు కొట్టిన మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయిన విషం ఏ కంపెనీ పద్దులోనూ లేవు. ఎవరూ రాసుకోని ఖర్చు చివరికి ఎక్కడో ఒకచోట తేలాలి. అది రైతు ఇంట్లో తేలింది. వ్యాపారం చేసేవాళ్లు బయటివాళ్ల నెత్తిన వేసే ఇలాంటి ఖర్చుల గురించి ఆర్థికశాస్త్రవేత్త పిగూ 1920లోనే పుస్తకం రాశాడు. వందేళ్లు దాటినా ఆ ఖర్చు సొంత పద్దులోకి రాలేదు.

ఇప్పుడు మిరప సంగతికి వస్తాను. ఆగ్నేయాసియాకు చెందిన ఒక తామర పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద గుర్తించారు. 2021లో అది గుంటూరు మిరప పూతలోకి చేరింది. రైతులు నల్ల తామర పురుగు అంటారు. పూలల్లోనే ఉండి పూతంతా రాల్చేస్తుంది. ఆ ఏడాది చివర్లో మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో మిరప తోటలను ట్రాక్టరు పెట్టి దున్నేశారు. కొట్టువాడు ఏది చెబితే అది, రెండు మూడు మందులు కలిపి, రోజు మార్చి రోజు కొట్టినవాళ్లున్నారు. శాస్త్రవేత్తలు మాత్రం నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె వాడమన్నారు, ఘాటు మందులు అదే పనిగా కొడితే మిత్ర పురుగులు పోయి సమస్య ముదురుతుందని చెప్పారు. ముప్పై నాలుగేళ్ల తర్వాత, పంట వేరు, పురుగు వేరు, జరిగింది మాత్రం అదే.

మందులు తగ్గించమని రైతుకు చెప్పడం తేలిక. మా పెదనాన్నకు నేనూ చెప్పాను. "మందు కొట్టకుండా కాపాడుకొస్తే యార్డులో నాకు రూపాయి ఎక్కువిస్తారా అమ్మా?" అని అడిగాడు. రెండేళ్లుగా నా చదువంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నడుస్తోంది.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని చెబుతారు. సీజన్‌లో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కొండల్లా పేరుకుపోతాయి. తేజ, 334, 341, బాడిగ రకాలన్నీ వస్తాయి. ఘాటు ఎక్కువున్న తేజకు చైనాలో గిరాకీ. కొనేవాళ్లు టిక్కీ కోసి చూస్తారు. రంగు చూస్తారు, చేతిలో నలిపి ఆరుదల చూస్తారు, తాలు ఎంత ఉందో చూస్తారు, గింజ గలగల వింటారు. ఇదంతా కంటికి, చేతికి, చెవికి అందేది. కాయలో మందు అవశేషం ఎంత ఉందో మాత్రం ఎంత అనుభవమున్న వ్యాపారికైనా చూస్తే తెలియదు. అందుకని పదిసార్లు కొట్టినవాడి కాయకూ పాతికసార్లు కొట్టినవాడి కాయకూ రంగు ఒకటైతే ధరా ఒకటే. జాగ్రత్తగా పండించినవాడికి మిగిలేది దిగుబడి తగ్గుతుందన్న భయం ఒక్కటే.

జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో రాసిన వ్యాసం ఒకటి మా క్లాసులో చదివాం. పాత కార్ల బజారు గురించి రాశాడు. మంచి కారు ఏదో చెడ్డది ఏదో కొనేవాడు కనిపెట్టలేనప్పుడు అన్నిటికీ ఒకే ధర కడతాడు, దాంతో మంచి కారు ఉన్నవాళ్లు బజారు నుంచి తప్పుకుంటారు అని తేల్చాడు. ఆ పనికి తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యాసం చదువుతున్నంతసేపూ నా కళ్లముందు ఉన్నది మిర్చి యార్డే. మా పెదనాన్న అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

కంటికి కనబడనిది ఎంత నష్టం తెస్తుందో మిరప వ్యాపారానికి ఇంతకు ముందే అనుభవం ఉంది. సుడాన్ అనే ఎర్రరంగు మైనాలకు వాడేది, తినేదానిలో వాడకూడనిది. 2003లో ఫ్రాన్స్‌లో భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో అది బయటపడింది. యూరప్ దేశాలు దిగుమతి మిరప మీద పరీక్షలు తప్పనిసరి చేశాయి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారంతో చేసిన ఒక సాస్ వల్ల వందలకొద్దీ ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎవరో కొందరు కలిపిన రంగుకు సరుకంతా అనుమానంలో పడింది.

ఇక అఫ్లాటాక్సిన్. బూజు వల్ల పుట్టే విషం అది. మసాలా దినుసుల్లో అందులో ప్రమాదకరమైన బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు మించితే యూరప్‌లోకి రానివ్వరు. ఆ బూజు ఎక్కువగా పట్టేది కల్లంలోనే. ఉత్త నేల మీద ఆరబోస్తే, రాత్రి మంచుకు పట్టా కప్పకపోతే, తొక్కినప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరించి టిక్కీ కడితే బూజుకు దారి దొరుకుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు చేలల్లో నిలిచిన నీళ్లు మేం మర్చిపోలేదు. అలాంటి ఏడాదిలో కల్లానికి సిమెంటు గచ్చు, మంచి పట్టా, ఆరబెట్టే షెడ్డు ఉన్న రైతుకూ లేని రైతుకూ తేడా చాలా పెద్దది. ఆ గచ్చు ఖర్చు కూడా ఎవరి పద్దులోనూ లేదు, రైతు పద్దులో తప్ప.

ఇప్పుడు ధర లెక్క చూద్దాం. 2025 ఫిబ్రవరిలో మిరప ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ఎకరానికి 20 క్వింటాళ్లు వచ్చాయనుకుంటే 2,35,620 రూపాయలు. కౌలు, నారు, ఎరువులు, మందులు, కోత కూలీలు కలిపితే ఎకరానికి రెండు లక్షలు దాటుతుందని మా వైపు ఏ కౌలు రైతునడిగినా చెబుతాడు. వడ్డీ కలిపితే, ఏడాది పాటు ఇంటిల్లిపాది చేసిన చాకిరీకి మిగిలేది దాదాపు సున్నా. ఇంత సన్నటి అంచు మీద నిలబడ్డ మనిషిని వచ్చే తరాల కోసం నేలను కాపాడమని అడుగుతున్నాం. అడగడం తప్పని నేను అనను. ఆ ఖర్చులో మన వాటా ఎంతో చెప్పకుండా అడగడం అన్యాయం.

మన రాష్ట్రంలో ఈ దిశగా జరిగిన పెద్ద ప్రయత్నం రసాయన ఎరువులు, మందులు లేని ప్రకృతి వ్యవసాయం. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో మొదలైంది. దాని కార్యాలయం గుంటూరులోనే. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ నడిపించారు. పేడ, గోమూత్రంతో చేసే బీజామృతం, ఘనజీవామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచడం దాని పద్ధతులు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి దక్కింది. మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టులోని సెకెమ్ సంస్థతో కలిసి పది లక్షల యూరోలు పంచుకుంది. మేనేజ్‌మెంట్ విద్యార్థిగా నన్ను కట్టిపడేసింది బహుమతి కాదు, ఆ కార్యక్రమం నడిచిన తీరు. పొదుపు సంఘాల మహిళలు దానికి ఆధారం. ఒక రైతు చేసి చూపిస్తే పక్క రైతు నేర్చుకోవడం దాని పద్ధతి. లక్షల మందిని అలా చేర్చడం కన్నా పెద్ద మేనేజ్‌మెంట్ పాఠం మా సిలబస్‌లో నాకు కనబడలేదు.

అయితే మిరపలో మందు పూర్తిగా మానడం వరిలో మానినంత తేలిక కాదు. ఆరు నెలల పైన పొలంలో ఉండే పంట, పెట్టుబడి ఎక్కువ, ముడత వైరస్ వస్తే చెట్టు గొడ్డుబోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇక్కడ మొదటి మెట్టు అక్కరలేని మందును ఆపడం. చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న వేయడం, జిగురు అట్టలు, పురుగును లెక్కపెట్టి చూశాకే పిచికారీ. పాతికసార్లు కొట్టేది పన్నెండుకు తగ్గితే అది నాకు పెద్ద విజయం. పూర్తిగా మానేసిన ఒకే ఒక్క ఆదర్శ రైతు ఫొటో కన్నా, సగానికి తగ్గించిన మూడు వందల మంది నాకు ముఖ్యం.

దీనికి అసలైన అడ్డు కౌలు. మా ప్రాంతంలో మిరప, పత్తి సాగులో కౌలు రైతులే పెద్ద భాగం. కౌలు ఏడాదికి. వచ్చే ఏడు అదే చేను తన చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు. నేల బాగుపడాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. సేంద్రియ ధ్రువపత్రం కావాలన్నా చేనును రెండు మూడేళ్లు మార్పిడి కాలంలో ఉంచాలి. ఏడాదికోసారి చేను మారే మనిషి ఎవరి నేలకు ఘనజీవామృతం వేస్తాడు? 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తారు, దానికీ భూమి యజమాని ఒప్పుకోవాలి. కార్డు ఇవ్వడానికి భయపడే యజమానులు ఎంతమంది ఉన్నారో పల్లెలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. సస్టెయినబిలిటీ మీద నేను చదివిన కంపెనీ నివేదికల్లో నీళ్లున్నాయి, కరెంటుంది, కార్బన్ ఉంది. కౌలు అనే మాట ఒక్క దాంట్లోనూ కనబడలేదు. భూమి యజమానికి మూడేళ్ల కౌలు భరోసాగా కట్టి, రైతుకు మూడేళ్ల సాగు రాసిచ్చే ఒప్పందం ఏ కొనుగోలు కంపెనీ అయినా చేయగలదు.  నేను పనిచేసే చోట మొదట ప్రతిపాదించేది ఇదే.

ఇక ఉద్యోగం. నాతో చదివేవాళ్లకు సస్టెయినబిలిటీ అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో నివేదికలు రాసే ఉద్యోగం. అది తక్కువ పని కాదు. సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, కార్మికులు, సమాజం గురించి ఏటా నివేదిక ఇవ్వడం తప్పనిసరి చేసింది. ఆ లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. కానీ నివేదికలో రాసే అంకె పుట్టేది చేలో, కల్లంలో, యార్డులో. తొడిమలు తీసే ఆడవాళ్ల చేతుల మంట, ముఖానికి గుడ్డ కూడా లేకుండా మందు కొట్టే మనిషి దగ్గు ఆ అంకెల వెనక ఉన్నాయి. పుట్టేచోటు చూడకుండా అంకె రాయకూడదని నా నియమం.

అందుకే నా మొదటి ఉద్యోగం కొనుగోలు విభాగంలో కావాలనుకుంటున్నాను. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో స్పైసెస్ బోర్డు మసాలాల పార్కు ఉంది. అదే మండలం వంకాయలపాడులో 2022 నవంబరులో ఐటీసీ మసాలాల ప్రాసెసింగ్ కర్మాగారం మొదలైంది. స్పైసెస్ బోర్డు నాణ్యత పరీక్షల ప్రయోగశాల గుంటూరులో ఉంది. అంటే కొనేవాళ్లు, పరీక్షించేవాళ్లు, పండించేవాళ్లు గంట ప్రయాణం దూరంలో ఉన్నారు. అక్కడ నాణ్యత ఎలా చూస్తారో, సరుకు ఎందుకు తిప్పిపంపుతారో, విదేశీ కొనుగోలుదారు ఎంత ఎక్కువ ఇస్తాడో, అందులో రైతు దాకా వచ్చేదెంతో మూడు నాలుగేళ్లు దగ్గరుండి నేర్చుకోవాలి.

ఆ తర్వాత ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీని నడపాలి. రైతులే వాటాదారులుగా కంపెనీ పెట్టుకునే వీలు 2002 చట్ట సవరణతో వచ్చింది. 2020లో కేంద్రం దేశమంతటా పదివేల సంస్థలు పెట్టే పథకం తెచ్చింది. మొదటి మూడేళ్లు నిర్వహణకు ఒక్కో సంస్థకు 18 లక్షల రూపాయల వరకు సాయం. ఆ లెక్కలో సీఈవో జీతం నెలకు పాతిక వేలు దాటదు. క్యాంపస్‌లో వచ్చే జీతాలతో పోలిస్తే తక్కువే. ఫీజుకు తీసుకున్న బ్యాంకు అప్పు ఉన్న నాలాంటివాళ్లు దాని గురించి ఆలోచించక తప్పదు. కొనుగోలు ఉద్యోగం ముందు చేయాలనుకోవడానికి ఆ అప్పు తీర్చడం కూడా ఒక కారణం. మూడేళ్ల సాయం ఆగిపోయాక చాలా సంస్థలు చతికిలబడేది వ్యాపారం తెలిసిన మనిషిని నిలబెట్టుకోలేకే అని నా నమ్మకం.

మా పెదనాన్న ప్రశ్నకు జవాబు అలాంటి సంస్థలోనే ఉంది. ఒక్క రైతు తన పది టిక్కీలకు ప్రయోగశాల పరీక్ష చేయించుకోలేడు. మూడు వందల మంది కలిసి, ప్రతి పిచికారీ తేదీ, మందు పేరు, మోతాదు పుస్తకంలో రాసి, కాయను ఒకే పద్ధతిలో ఆరబెట్టి, కలిపి ఒక లాట్‌గా చేసి పరీక్షకు పంపితే ఖర్చు పంచుకున్నట్టవుతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే కనబడనిది కనబడుతుంది. అప్పుడు ధర అడగవచ్చు. కోల్డ్ స్టోరేజీ రసీదు మీద అప్పు తీసుకుని, ధర పడినప్పుడు అమ్మకుండా నిలవచ్చు.

ఇంతదూరం చదివి మళ్లీ పల్లెకా అని మా బంధువుల్లో కొందరు అడుగుతున్నారు. వాళ్లకు నేను నిడుబ్రోలు పేరు చెబుతాను. రైతు నాయకుడు ఎన్.జి. రంగా అక్కడ పుట్టి, గుంటూరులో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం పూర్తిచేసి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడిగా పాఠాలు చెప్పారు. ఆ తర్వాత రైతుల మధ్యకు వచ్చి, నిడుబ్రోలులోనే రైతు విద్యాలయం నడిపారు. ఆయన పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు గుంటూరు పక్కన లాంలో ఉంది. ఆయనతో నన్ను నేను పోల్చుకోవడం లేదు. పెద్ద చదువు చదివినవాళ్లు రైతు దగ్గరకు రావడం ఈ నేలకు కొత్త కాదని మాత్రం గుర్తుచేస్తున్నాను.

ఈ వేసవిలో నా ప్రాజెక్టు పని మా ఊళ్లోనూ, పక్కనున్న ఊళ్లలోనూ మొదలవుతుంది. మిరప రైతుల మందుల ఖర్చు, ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు, ఎవరు చెబితే కొట్టారు, చివరికి ఎంతకు అమ్మారు అన్నవి రాసుకుంటాను. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు నుంచి ఇది వింటున్న రైతులకు ఒక మనవి. కొట్లో మందు కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి, పారేయకుండా ఒక సంచిలో దాచండి. కొట్టిన రోజు తేదీ ఆ బిల్లు వెనకే రాయండి. కౌలు ఎంతో, అప్పు ఎంతో కూడా రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. నా క్లాసులో ఉన్న మిత్రులకూ ఇదే చెబుతున్నాను: సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ లెక్క రాసిపెట్టండి. కాలేజీ తెరిచాక అందరి కాగితాలూ ఒకచోట పెట్టి చూద్దాం.